టంకం చుక్క

గౌరీశ్వరి తెచ్చి బల్ల మీద పెట్టింది,
పాత దుప్పటిలో చుట్టి,
నిద్రపోతున్న పిల్లను దించినంత మెల్లగా.
"తాత గిటారండి. ఒళ్ళో ఎట్టుకు వాయించీవోడు.
ఇశాపట్నం షావుకారు రెండు లచ్చలంతన్నాడు,
అసలుదైతేనేనంట. మీరు సూసి సెప్పాల."

గంటస్తంభం పక్క సందులో నా కొట్టు.
రేడియోలు పోయాయి, టేపురికార్డర్లు పోయాయి,
కళ్ళజోడు మందం పెరిగింది.
అసలేదో నకిలీ ఏదో చెబుతాడన్న పేరొకటి
ఊళ్ళో మిగిలింది.

నేను ముందు తీగలు చూడను. తీగలు ఎవడైనా మారుస్తాడు.
మెట్ల మీద అరుగుదల వెతకను.
దీనికి మెట్లెక్కడివి, గీసిన గీతలే;
ఉక్కు కడ్డీ తీగల మీదే జారిపోతుంది,
వేలు చెక్కకు తగలదు.
తెలియని మోసగాడు ముందువైపు అరగదీస్తాడు,
ఉప్పుకాగితం రుద్ది టీ డికాషన్ పూస్తాడు.
నేను బోర్లా తిప్పుతాను.

వెనక, తొడలు ఆనే చోట
వార్నిష్ అరచేతి మేర పోయింది.
పంచె రాసిన నునుపు అది, ప్యాంటుది కాదు.
ఎడమ పక్క ఎక్కువ అరిగింది.
"మీ తాత ఎడమకి ఒరిగి కూచునేవాడా?"
"అవునండి, కుడి మోకాలు మిల్లులో ఇరిగిపోనాది"
అంది పిల్ల, నేను సోది చెప్పినట్టు చూస్తూ.

మరల బొత్తాలు కుంచించుకుపోయి
తాంబూలం పళ్ళలా ఉన్నాయి. బాగుంది.
మేకుల తలలకు ఒంటిగాటు. బాగుంది.
వార్నిష్ పగుళ్ళు చింతాకు ఈనెల్లా,
ఏ చేతికీ రానంత సన్నగా.
అమెరికా పేరున్న పలకను
ఎవరూ ఊడదీసి బిగించలేదు.
అసలుదే అన్న మాట పెదవి దాకా వచ్చింది.

పలక మేకులు విప్పాను.
లోపల జనపనార పోగులు రెండు,
నెల్లిమర్ల మిల్లు ధూళితో సహా.
వాటి పక్కన టంకం చుక్క,
దాని తోక ఎడమకు తిరిగి ఉంది.

నాది ఎడమచేతి వాటం.
"ఎలకతోక ఎట్టీసినావురా మళ్ళీ"
అని గవర్రాజు మేస్త్రి నెత్తిన మొట్టేవాడు.

ఆ వానాకాలం మేస్త్రి సాలూరు పెళ్ళికి వెళ్ళాడు.
రౌతు పారినాయుడు తడిసిన పంచెతో వచ్చాడు,
మూగబోయిన గిటారు చంకలో.
మర్నాడు మిల్లు క్లబ్బులో వాయించాలి.
నాకు పందొమ్మిదేళ్ళు.
కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ తీగ విప్పి
లాంతరు కింద రాత్రంతా చుట్టాను,
నాలుగు వేల దగ్గర లెక్క తప్పి
మళ్ళీ మొదట్నుంచి.
"కలకత్తా నుంచొచ్చిన అసలు కాయిలండి" అన్నాను.
అరవై రూపాయలిచ్చాడు, దండం కూడా పెట్టాడు.
పాత కాయిల్ని రాగి కింద తూకానికి అమ్మి
సినిమాకి పోయాను.

ఇప్పుడు పలక మూసేస్తే
షావుకారు విప్పడు. విప్పినా
ఎలకతోక ఎవరిదో వాడికేం తెలుసు.

వైరు తగిలించాను. పిల్లకు వాయించడం రాదు;
కడ్డీ ఏదో గీత మీద ఆనించి ఒక తీగ మీటింది.
కొంచెం బొంగురు, అడుగున సన్నటి గురక.
"ఇదేనండి," అంది, "ఇదే మోత.
ఇది ఇనీసి పడుకునీదాన్ని."

అసలు గొంతు ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు.
అది ఏ కొలిమిలో కరిగిందో నాకూ తెలీదు.

కాగితం తీసి రాశాను.
చెక్క అసలుది. మరలు అసలువి. అరుగుదల నిజం.
కాయిల్ నకిలీ, చుట్టినది
అని రాసి, కింద నా పేరు,
సంతకంలా కాకుండా, పిల్లకు అర్థమయ్యేలా గుండ్రంగా.

రెండుసార్లు చదివింది.
"దీనికి ఎంత తగ్గిపోద్దేటి?"
"సగానికి సగం."
గంటస్తంభం గడియారం ఏదో గంట కొట్టింది,
మేమిద్దరం లెక్కపెట్టలేదు.
పిల్ల దుప్పటి అంచులు దగ్గరకు లాక్కుని,
నా ఫీజు ఐదొందలూ మళ్ళీ పర్సులో పెట్టేసుకుని,
చెయ్యి చాపింది:
"ముందా అరవై రూపాయలిటియ్యండి."

సొరుగు తీశాను.